కాలేజీ ప్రవేశము: అర్హతయా, అదృష్టమా?

మారిషస్ దేశమున కాలేజీ అను మాటకు అర్థము వేరు. ఆంధ్రదేశమున పట్టపు చదువు చదువు చోటును కాలేజీ అందురు. ఇచ్చట పదకొండు, పన్నెండేండ్ల పిల్లలు ప్రాథమిక పాఠశాల విడిచి అడుగుపెట్టు మాధ్యమిక పాఠశాలయే కాలేజీ. అందుచేత కాలేజీ ప్రవేశమను పరీక్ష ఇచ్చటి బాలునికి మీసము మొలవకముందే వచ్చిపడును. సి.పి.ఇ. అను మూడక్షరముల పేరుతో 2016 వరకు జరిగిన ఆ పరీక్షను తలచుకొన్నచో, నలుబది, ఏబది యేండ్ల పెద్దలు సైతము తమకు వచ్చిన ర్యాంకును తడుముకొనకుండ చెప్పగలరు. పెండ్లి తేదీ మరచినవారు కూడ ఆ అంకెను మరువరు.

ఒక అంకె మనిషిని ఇంతకాలము వెంటాడుటకు కారణమేమి? ఆ అంకె ఆ బాలుని గూర్చి నిజముగా ఏమి చెప్పెను? గీతకు పైన నిలిచినవాడు అర్హుడు గనుక నిలిచెనా, నిలిచెను గనుక అర్హుడనిపించుకొనెనా? గీతకు క్రింద పడినవానికి సమాజము ఏమి బాకీ యున్నది? ఈ ప్రశ్నలను విద్యాశాఖ అధికారులకు వదలివేయుట సులభము. కాని ఇవి వారి ప్రశ్నలు కావు. ప్రతి ఇంటి వసారాలో ఫలితములు వచ్చిన సాయంకాలము తలయెత్తు ధర్మసందేహములు ఇవి.

మన కుటుంబములకు అంకెతో సంబంధము క్రొత్తది కాదు. కోరంగి, విశాఖపట్నము, మద్రాసు రేవులనుండి ఓడలలో వచ్చిన కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగి, నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలువబడు వలస డిపో మెట్లెక్కిరి. 2006లో ఆ చోటును యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఆ డిపోలో ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చిరి. పేరును గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. కొన్ని పేర్లు తలయు తోకయు పోగొట్టుకొనెను. సంఖ్య మాత్రము చెక్కుచెదరలేదు. ముత్తాతకు డిపోలో ఒక సంఖ్య, మునిమనుమనికి పరీక్షలో ఒక సంఖ్య. అయితే రెంటికి ఒక భేదము కలదు. మొదటి సంఖ్య "ఇతడు వచ్చినాడు" అని మాత్రమే చెప్పెను. రెండవ సంఖ్య "ఇతడు ఇంతవాడు" అని చెప్పబూనెను. ఆ రెండవ మాట చాల పెద్ద మాట.

ఆ మాటకు అంత బలము ఎట్లు వచ్చెనో కొంచెము చూడవలెను. వలస పాలనలో రాయల్ కాలేజీ అనునది కొద్దిమందికే తెరచిన తలుపు. ఆ పైన ప్రతి యేట ఒకరిద్దరికి దొరకు ఇంగ్లండు విద్యార్థివేతనము ఆకాశమునందలి చుక్క. తోటలో చెరకు నరకు తండ్రి కుమారుని కాలేజీకి పంపవలెనన్న ఫీజు కట్టవలెను. ఆవును అమ్మి పెద్దకొడుకును చదివించిన ఇండ్లు ఎన్నియో కలవు. ఆ ఇండ్లలోనే ఆడపిల్ల చదువు ఆరవ తరగతితో ఆగిపోయినది. 1975 మే నెలలో విద్యార్థులు వీథులలోనికి వచ్చిరి. 1977 జనవరి నుండి మాధ్యమిక విద్య ఉచితమయ్యెను. ఇది ఈ ద్వీప చరిత్రలోని గొప్ప కార్యములలో ఒకటి. కాని తలుపులన్నియు తెరచినపుడు జనము ఏ తలుపు వద్ద గుమిగూడును? మంచి తలుపు వద్దనే. క్యూర్‌పీప్ రాయల్ కాలేజీ, పోర్ట్ లూయీ రాయల్ కాలేజీ, రోజ్‌హిల్ నందలి క్వీన్ ఎలిజబెత్ కాలేజీ మొదలగు కొద్ది విద్యాలయములకు "స్టార్ కాలేజీలు" అని పేరు వచ్చెను. ఫీజు అను గోడ కూలినది; ర్యాంకు అను గోడ లేచినది. ఇంకొక ప్రక్క ఆ పరీక్షలో దాదాపు మూడవ వంతు పిల్లలు తప్పుచుండిరి. స్టార్ కాలేజీని గూర్చి వాపోవు తల్లిదండ్రులు ఆ మూడవ వంతును గూర్చి ఎక్కువగా మాటలాడలేదు. ఈ మాట ఇచ్చట చెప్పక తప్పదు.

చెరకు పండించు కుటుంబములకు తూకపు కాటా సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. లారీ నిండ చెరకు వచ్చి కాటా మీద నిలిచినపుడు ముల్లు ఒకచోట ఆగును. అయిదు టన్నులకును పది టన్నులకును గల తేడాను ఆ కాటా తప్పక చూపును. కాని ఒక లారీలో నాలుగు గడలు ఎక్కువ, మరొక లారీలో నాలుగు గడలు తక్కువ అయినచో ఆ తేడా దానికి తెలియదు. వానకు తడిసిన ఆకు బరువే అంతకన్న ఎక్కువ. పరీక్షయు అట్టి కాటాయే. చదివినవానిని, చదువనివానిని అది వేరుచేయగలదు. బాగుగా చదివినవానిని, ఒక మాదిరిగా చదివినవానిని కూడ చాలవరకు వేరుచేయగలదు. కాని బాగుగా చదివిన వేయిమందిని వరుసగా నిలిపి, ఇతడు 612వ వాడు, ఇతడు 613వ వాడు అని చెప్పుటకు అది పుట్టలేదు. చెప్పుమన్నచో చెప్పును. ఆ చెప్పుట చెరకు కాటా మీద బంగారము తూచుట వంటిది.

ఒక కాలేజీలో 150 స్థానములు గలవని అనుకొందము. 150వ వానికిని 151వ వానికిని నడుమ అర మార్కు తేడా. మరునాడు అదే స్థాయి గల మరొక ప్రశ్నపత్రము ఇచ్చి వ్రాయించినచో ఏమగును? అందరికన్న పైన ఉన్న పదిమంది పైననే ఉందురు. చాల క్రింద ఉన్నవారు క్రిందనే ఉందురు. గీత దగ్గర గుమిగూడినవారు మాత్రము చోట్లు మారుదురు. మొదటినాడు లోపల ఉన్నవాడు బయట నిలుచును, బయట నిలిచినవాడు లోపలికి పోవును. దీనికి ఎవరి దుర్బుద్ధియు కారణము కాదు. ఒకనికి ఆనాడు జ్వరము తగిలినది; ఒకడు ముందు రాత్రి చదివిన పాఠమే ప్రశ్నగా వచ్చినది; ఒకని వ్యాసమును దిద్దినవారు ఉదయము దిద్దిరి, మరొకని వ్యాసమును అలసిన తరువాత దిద్దిరి.

ఇందులో లోకులు గమనింపని విచిత్రము ఒకటి కలదు. కష్టము పెరిగినకొలది అదృష్టపు పాలు తగ్గునని అందరును తలతురు. ఒక్కడే కష్టపడినచో అది నిజము. అందరును ఒకే విధముగ కష్టపడినచో ఫలితము తలక్రిందులగును. బడి విడిచిన వెంటనే ట్యూషను, శనివారము ట్యూషను, సెలవులలో ట్యూషను అని ఊరిలోని పిల్లలందరును పరుగెత్తి, అందరును తొంబదికి పైన మార్కులు తెచ్చుకొన్నచో, గీత దగ్గర గుంపు పెరుగును. గుంపు పెరిగినకొలది వారి నడుమ తేడా సన్నగిల్లును. తేడా సన్నగిల్లినకొలది, జ్వరమో ప్రశ్నయో దిద్దువారి అలసటయో నిర్ణయము చేయును. తల్లిదండ్రులు అదృష్టమును తరిమివేయుటకు ట్యూషనుకు డబ్బు పోసిరి; అందరును పోసినందున అదృష్టమే గద్దె యెక్కినది. పిల్లలకు పోయినది ఆటల కాలము.

అయినను పరీక్షను తిట్టువారు ఒక సంగతి మరువరాదు. జవాబు పత్రమునకు గుర్తు అభ్యర్థి సంఖ్య, ఇంటిపేరు కాదు. హెచ్.యస్.సి. పత్రములు సముద్రము దాటి కేంబ్రిడ్జికి పోవునపుడు, చక్కెర మిల్లు యజమాని కుమారుని పత్రమును, ఆ మిల్లులో పనిచేయు కూలీ కుమారుని పత్రమును ఒకే కట్టలో పోవును. దిద్దువానికి వాని రంగు తెలియదు, మతము తెలియదు, వాని తండ్రి ఏ తోటలో పనిచేయునో తెలియదు. తోట దొర చిరునవ్వు మీద, సిఫారసు చీటీ మీద బ్రతుకులు ఆధారపడిన దేశమున, "నీవు ఎవని కొడుకువు?" అని అడుగని న్యాయాధిపతి మొట్టమొదట పరీక్ష రూపముననే వచ్చెను. కూలీల మనుమలలో వైద్యులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు అయినవారు ఆ గ్రుడ్డి న్యాయాధిపతి దయవలననే అయిరి. కాబట్టి ర్యాంకు అన్యాయమని చెప్పువారు, దాని స్థానమున ఏమి పెట్టుదురో కూడ చెప్పవలెను. చిన్న ద్వీపము ఇది. ముఖాముఖి మాటలాడి ఎన్నుకొందమన్నచో, ఎదుట కూర్చున్నవాడు ఎవరి మేనల్లుడో మొదటి నిమిషముననే తెలిసిపోవును.

ర్యాంకు మనిషిలో ఉండునా, నియమములలో ఉండునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఉదాహరణము తెలుగు భాషయే. సి.పి.ఇ. ర్యాంకునకు ఇంగ్లీషు, ఫ్రెంచి, గణితము, పరిసరముల విజ్ఞానము లెక్కించెడివారు. హిందీ, ఉర్దూ, తమిళము, తెలుగు, మరాఠీ మొదలగు ప్రాచ్యభాషలను బడిలో నేర్పిరి; వాని మార్కులు మాత్రము ర్యాంకునకు లెక్కకు రావు. ఇంటిలో క్రియోల్ మాటలాడు పిల్లవాడు తాతగారి భాషను బడిలో అక్షరము అక్షరముగా కూడబలుకుకొని నేర్చుకొనుచుండగా, "దీనికి మార్కులు లేవు, గణితము చేసికొనుము" అని ఇంటివారే చెప్పిన సందర్భములు లేకపోలేదు. ఈ భాషలకును ర్యాంకులో చోటు ఇవ్వవలెనని చాలకాలము కోరిరి. 1995లో ప్రభుత్వము నిబంధనలు మార్చి చోటు కల్పించెను. ఆ భాషలు నేర్వని పిల్లల తల్లిదండ్రులు కొందరు, తమ బిడ్డలకు తగిన వ్యవధి ఇవ్వలేదని న్యాయస్థానమునకు పోయిరి. సుప్రీంకోర్టు వారి పక్షముననే తీర్పు చెప్పెను. అదే యేట ఈ విషయమై తెచ్చిన రాజ్యాంగ సవరణ శాసనసభలో వీగిపోయెను. సభ రద్దయ్యెను. 1995 డిసెంబరు ఎన్నికలలో ప్రధాన ద్వీపమునందలి 60 స్థానములను ప్రతిపక్ష కూటమియే గెలుచుకొనెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1998లో ఆ కౌన్సిలు సుప్రీంకోర్టు తీర్పును త్రోసిపుచ్చెను.

పదకొండేండ్ల పిల్లల మార్కుల లెక్క కొరకు ఒక ప్రభుత్వము కదలిపోయిన దేశములు ప్రపంచమున ఎన్ని యుండును? ఆ వాదములో ఎవరి పక్షము న్యాయము అని అడిగినచో, రెండు పక్షములందును న్యాయము కలదనియే చెప్పవలెను. తాతల భాషను నేర్చినందుకు బిడ్డ వెనుకబడరాదు అనుట న్యాయము. ఆట నడుచుచుండగా నియమము మార్చి, సిద్ధపడుటకు కాలము ఇవ్వకుండుట న్యాయము కాదు అనుటయు న్యాయమే. ఈ రెండు న్యాయముల నడుమ నలిగినవాడు బాలుడు. ఒకే బాలుడు, ఒకే బుద్ధి, ఒకే కష్టము. పాత లెక్కలో వానిది ఒక ర్యాంకు, క్రొత్త లెక్కలో మరొక ర్యాంకు. వాని లోపల ఏమియు మారలేదు. అట్లయినచో ఆ ర్యాంకు వాని గుణమని ఎట్లు చెప్పగలము? అది వానికిని, ఆ యేటి నియమములకును, ఆ యేడు వానితోపాటు కూర్చున్న తక్కినవారికిని నడుమ ఏర్పడిన సంబంధము. నీడ వంటిది. నీడ పొడవు మనిషి ఎత్తును బట్టియు ఉండును, పొద్దును బట్టియు ఉండును.

(మార్కులు వచ్చిన తరువాత తెలుగు తరగతులలో పిల్లలు పెరిగిరని సంతోషింపవచ్చును. మందిరపు వసారాలో సాయంకాలములందు మార్కుల మాటయే లేకుండ ఓనమాలు దిద్దినవారు ఆ సంతోషమును కొంచెము ఆలోచనతో పంచుకొందురు.)

తరువాతి మార్పులు పాఠకులకు తెలిసినవే. 2002లో ర్యాంకును తీసివేసి, ద్వీపమును నాలుగు మండలములుగా విభజించి, అక్షర శ్రేణులు పెట్టిరి. కొంతకాలమునకు పై శ్రేణికి పైన ఇంకొక శ్రేణి పుట్టెను. తల్లిదండ్రుల పరుగు మరల మొదలయ్యెను. 2016తో సి.పి.ఇ. ముగిసెను. 2017 నుండి క్రొత్త ప్రాథమిక ధ్రువపత్రము, తొమ్మిదేండ్ల విద్య వచ్చినవి. అకాడమీల ప్రవేశమునకు తొమ్మిదవ తరగతి పరీక్ష మొదటిసారి 2021లో జరిగెను. గీత పదకొండవ యేటినుండి పదునైదవ యేటికి జరిగినది. జరుగుట మేలే; పసితనము కొన్నియేండ్లు మిగిలినది. గీత మాత్రము గీతయే.

యూరపులోని నెదర్లాండ్స్ దేశస్థులు ఈ చిక్కునకు వేరొక ఉపాయము పన్నిరి. వైద్య విద్యాస్థానములు తక్కువ, కోరువారు ఎక్కువ అయినపుడు, 1970ల దశకము నుండి వారు చీట్లు వేసి పంచిరి. ఊరక వేసిన చీట్లు కావు. పాఠశాల మార్కులు ఎక్కువ ఉన్నవారికి చీటి వచ్చు అవకాశము ఎక్కువ, తక్కువ ఉన్నవారికి తక్కువ. పరీక్షలో ఎట్లును దాగియున్న అదృష్టమును వారు దాచక బల్లమీద పెట్టిరి. వినుటకు ఇది పరిహాసముగా తోచును. "మా బిడ్డ భవిష్యత్తును చీటీల పాటగా చేయుదురా?" అని ఏ తల్లియైనను అడుగును. 1996లో అట్టి కోపమే అచ్చట రగిలినది. పదింటికి తొమ్మిదిన్నరకు మించిన సగటు గల ఒక విద్యార్థిని మాటిమాటికి చీటిలో ఓడిపోయినదని దేశమంతట గగ్గోలు పుట్టెను. 1999 నుండి సగటు ఎనిమిదికి తగ్గనివారికి చీటి లేకుండ ప్రవేశమిచ్చిరి. 2017లో చీట్ల పద్ధతిని తీసివేసిరి. దాని బదులు వచ్చిన ఎంపిక పద్ధతులలో, ముందుగా శిక్షణ కొనుక్కొనగల ధనికుల బిడ్డలకు మేలు కలుగుచున్నదని విమర్శలు వచ్చెను. 2023 నుండి చట్టము మరల చీట్లకు అనుమతి ఇచ్చెను.

ఈ కథలో ఆలోచింపవలసినది ఒకటి యున్నది. చీటిలో ఓడినవాడు "నేను తెలివిలేనివాడను" అని ఏడువడు. "నాకు చీటి రాలేదు" అని ఏడ్చును. రెండు ఏడుపులు ఒకటి కావు. మొదటిది ఏండ్ల తరబడి లోపల తినివేయును. రెండవది వారములో ఆరిపోవచ్చును. చీటిలో గెలిచినవాడు కూడ తల కొంచెము వంచుకొని లోపలికి పోవును. మార్కులలో గెలిచినవాడు తల ఎత్తుకొని పోవును, గీత దగ్గర వాని గెలుపులోను సగము చీటియే యైనను. అందరికిని చీట్లు వేయుడని చెప్పుట తెలివిగాదు. ఆ తొమ్మిదిన్నర సగటు విద్యార్థిని ఉదంతమే అందుకు సాక్షి. కాని కాటాకు తేడా తెలియని సన్నని పట్టీలో, అనగా గీతకు ఇటు కొందరు అటు కొందరు గల చోట, చీటి వేయుట అర మార్కును నమ్ముటకన్న సత్యమునకు దగ్గర. తల్లిదండ్రులు ఒప్పుకొనరు. మనిషి అన్యాయమునైనను సహించును గాని, కారణము లేని ఫలితమును సహింపలేడు. ఏదో ఒక కారణము కావలెను. అందుకే అర మార్కును పట్టుకొని అదే కారణమని నమ్మును.

మన పురాణములలో ప్రవేశము కోరి గురువు వద్దకు పోయినవారు పలువురు కలరు. నన్నయ ఆదిపర్వములో తెలుగు చేసిన ఏకలవ్యుని కథ అందరెరిగినదే. నిషాదుని కుమారుడు, ద్రోణుడు చేర్చుకొనలేదు. అడవిలో గురువు ప్రతిమను నిలిపి తానే నేర్చెను. చివరకు కుడిచేతి బొటనవ్రేలు ఇచ్చెను. దీనిని గురుభక్తికి ఉదాహరణముగా చెప్పుదురు. చెప్పవచ్చును. కాని ద్రోణుని వైపునుండి చూడుడు. నీకు సాటి విలుకాడు లోకమున ఉండడని అర్జునునకు ఆయన మాట ఇచ్చియుండెను. అడవిలోని కుర్రవాడు ఆ మాటను అబద్ధము చేసెను. అప్పుడు గురువు ఏమి చేసెను? నేర్చినవానిని చూచి సంతోషింపలేదు. మొదటి స్థానమును కాపాడెను. మొదటి ర్యాంకు ఒకరికే చెందవలెనన్న కోరిక ఎంతటి ఆచార్యుని బుద్ధినైనను వంచగలదని ఆ కథ చూపుచున్నది. ప్రవేశము దొరకకపోవుట వానికి తొలి దెబ్బ. ప్రవేశము లేకయే నేర్చిన విద్యను లాగికొనుట రెండవ దెబ్బ. రెండవదే ఘోరము.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముని కథ వేరు రీతిది. జబాల కుమారుడు హారిద్రుమత గౌతముని వద్దకు పోయెను. నీ గోత్రమేమని గురువు అడిగెను. తెలియదు, తల్లికి కూడ తెలియదు అని బాలుడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆ సత్యమును చూచి గౌతముడు చేర్చుకొనెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. తరువాతి భాగమును తరచుగా విడిచిపెట్టుదురు. చేర్చుకొన్న గురువు పాఠము మొదలుపెట్టలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించెను. అవి వేయి అగువరకు తిరిగిరానని బాలుడు అడవికి పోయెను. అచ్చట ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి ఒక్కొక్క పాదము చొప్పున వానికి బోధించెను. పేరుగల ఆశ్రమములో చేరిన విద్యార్థి, విద్యలో పెద్ద భాగమును ఆశ్రమము వెలుపలనే నేర్చెనన్నమాట. స్టార్ కాలేజీ దొరకలేదని దిగులుపడు ఇంటిలో ఈ రెండవ భాగమును కూడ చదువుట మంచిది.

ఇక తలరాత మాట. బిడ్డకు స్థానము రానపుడు "వాని కర్మ" అనుట మనలో వాడుక. యోగవాసిష్ఠములో వసిష్ఠుడు రామునకు దైవమును గూర్చి గట్టిగానే చెప్పెను: దైవమనగా వేరొకటి కాదు, వెనుక చేసిన ప్రయత్నమే, నేటి ప్రయత్నము దానిని దాటగలదు. రాముడు నిరుత్సాహముగా ఉన్నపుడు, అతనిని లేపుటకు చెప్పిన మాట అది. తనను తాను లేపుకొనుటకు వాడుకొన్నంతకాలము ఆ సిద్ధాంతము అమృతము. ప్రక్కింటి బిడ్డ తప్పినపుడు వాని కర్మ యనుట, తన బిడ్డ గెలిచినపుడు వాని కృషి యనుట రెండు తూనికలు వాడుట. అంగడివాడు అట్లు చేసినచో ఊరు ఊరుకొనదు.

గెలిచినవాడు తన కృషిని తక్కువ చేసికొననక్కరలేదు. తెల్లవారుజామున లేచి చదివినది వాడే. కాని ఆ చదువు గదికి దీపము, బడికి ఉపాధ్యాయుడు, ఫీజు లేని చట్టము, 2005 నుండి ఉచితమైన బస్సు ప్రయాణము, ఇవన్నియు గీతకు క్రింద పడినవాని తండ్రి కట్టిన పన్నుతో కూడ వచ్చినవి. అర మార్కు దూరములో నిలిచిపోయినవాడు తనంతవాడే అని ఎరిగినవానికి, ఆ స్థానము సొంత ఆస్తి వలె కాక అప్పగించిన సొమ్ము వలె కనబడును. అప్పగించిన సొమ్మును మనిషి వేరుగా వాడును. దీనిని ఉపన్యాసముతో నేర్పలేము. ఫలితముల నాడు ఇంటిలో పెద్దలు ఏమి మాటలాడుదురో దానినిబట్టి పిల్లలు నేర్తురు. "మన అబ్బాయి అందరిని ఓడించినాడు" అను ఇంటిలో ఒకటి నేర్తురు, "నీతో చదివిన ఆ పిల్లకు ఏమి వచ్చినది అయ్యా? పోయి చూచి రమ్ము" అను ఇంటిలో మరొకటి నేర్తురు.

గీతకు క్రింద పడినవారు ఎక్కడికి పోయిరో కూడ లెక్క చూడవలెను. ఈ ద్వీపమున మాధ్యమిక విద్యలో పెద్ద భాగమును మోసినవి ప్రైవేటు కాలేజీలు. పెద్ద భవనములు లేవు, ప్రయోగశాలలు అంతంతమాత్రము. వచ్చినవానిని వచ్చినట్లు చేర్చుకొనిరి. ఈ సంచిక చదువువారిలో ఎందరు అట్టి కాలేజీలలో చదివి ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, వర్తకులు అయిరో ఎవరికి వారికే తెలియును. వారికి శాలువలు కప్పిన సభలు తక్కువ.

శాలువల మాట వచ్చినది గనుక ఒక చిన్న సూచన. ఉగాది సభలలోను, వార్షికోత్సవములలోను పరీక్షలలో నెగ్గిన పిల్లలను పిలిచి సత్కరించుట మంచి ఆచారము. దానిని మానవలసిన పని లేదు. అయితే పేర్లను ర్యాంకుల వరుసలో కాక అకారాది క్రమములో చదువవచ్చును. ఆ సంవత్సరము పరీక్షకు కూర్చున్నవారినందరిని, నెగ్గినవారిని నెగ్గనివారిని, ఒకే వరుసలో పిలిచి ఒక్కొక్క పుస్తకము ఇవ్వవచ్చును. పుస్తకములకు కొంచెము ఎక్కువ ఖర్చగును. మొదటి యేడు కొందరు తండ్రులు అలిగి భోజనమునకు ఆగకపోవచ్చును. రెండవ యేడు ఆగుదురు.